నడుం మీద సింహం

కంట్లో నల్లటి నలకలు ఈదుతుంటే మా ముత్తుకూరు గాలిలో ఉండే కరెంటు ప్లాంటు బూడిదే అనుకున్నాను. కన్ను ఎర్రబడి చూపు మసకేశాక నెల్లూరు బయల్దేరాం. తోడుగా అమ్మ చాలు. కారుందని మా చర్చి అయ్యగారూ వచ్చారు. దారంతా ప్రార్థిస్తూనే నడిపారు, కళ్లు మూసుకోకుండా. మొదటి అద్భుతం అదే.

డాక్టరమ్మ చుక్కలు వేసి, నెత్తికి లైటు కట్టుకుని నా కంట్లోకి చూసింది.

"వెనక రెటీనా మీద తెల్లమచ్చలున్నాయి. వైరస్‌లా ఉంది. ఈమధ్య ఒంటి మీద నీటిపొక్కులేమైనా లేచాయా? ఆ వైరసే అయితే మందు ఇప్పుడే మొదలుపెట్టాలి. ఆలస్యమైతే రెటీనా చిరుగుతుంది, రెండో కంటికీ పాకొచ్చు."

"ఏం లేవమ్మా," అంది అమ్మ, నాకంటే ముందే.

పోయిన నెలే నా నడుం మీద నీటిపొక్కుల పట్టీలా సర్పి లేచింది. చర్చిలో వేడి పొక్కులని చెప్పి, అమ్మ నన్ను చాటుగా మన్ను పూసే ఆయన దగ్గరికి తీసుకెళ్లింది. సర్పిని బెదిరించడానికి ఆయన ఎర్రమన్నుతో సింహాన్ని గీశాడు. ఆయన చెప్పబట్టి సింహం. చూస్తే మా వీధి కుక్క. అమ్మేమో స్త్రీల కూటానికి పెద్ద. ఇలాంటి పనులు చేసేవాళ్లకి బుద్ధి చెప్పేదే తను.

అయ్యగారు పక్కనే కూర్చున్నారు. అమ్మ నా మోచెయ్యి గిల్లింది. ఒకటి పోయినా ఇంకో కన్నుంటుందిలే అనుకుందామంటే, డాక్టరమ్మ దానికీ గ్యారంటీ ఇవ్వలేదు.

చొక్కా ఎత్తాను. "సర్పి మేడమ్. మన్ను కూడా పూయించుకున్నాం."

అయ్యగారు గోడమీది అక్షరాల పలకని ఆఖరి వరస దాకా శ్రద్ధగా చదివారు.

మందు ఎక్కించడం మొదలైంది. కంట్లోంచి సూదితో చుక్క నీరు తీసి పరీక్షకి పంపారు. సూదికి భయపడాల్సినవాణ్ణి, కాసేపు అమ్మ ముఖం చూడక్కర్లేదని నయమనిపించింది.

వైరస్ అదేనని తేలింది. ఆ కంట్లో చూపు కొంత మిగిలింది, రెండోది దక్కింది.

తర్వాత ఒక ఆదివారం, చర్చిలో దేవుడు చేసిన మేళ్లకి సాక్ష్యాలు చెప్పే వేళ అమ్మ లేచింది.

"నా బిడ్డ కన్ను దేవుడు కాపాడినాడు. నేనే దాచబోయినాను. మన్ను పూయించింది నేనే."

వెనకనుంచి ఒకామె మెల్లగా అడిగింది: "ఎవరి దగ్గరక్కా?"

చర్చంతా నవ్వింది. అమ్మ చెవులు ఎర్రబడ్డాయి. నేను తల దించుకుని కాళ్లకేసి చూస్తున్నాను.

అమ్మ వచ్చి కూర్చుంటూ, "అందర్నీ నవ్వించేవాడివి గదరా, నువ్వూ నవ్వు," అంది.

నా వల్ల కాలేదు.