లంగాకు అందని జంప్

నాకు బడి చదువు తక్కువ. ఇంగ్లీషులో నోటికి బాగా పట్టిన మాట జంప్ ఒక్కటే. దిల్‌సుఖ్‌నగర్ బస్సు కండక్టరు నేర్పాడు. బస్సు ఆగకముందే దిగబోతే, "ఓ అక్కా, జంప్ జెయ్యకు! దవాఖానల తేల్తవ్" అని అరిచేవాడు. ఎల్బీనగర్‌లో మా ఓనరమ్మ కిరాయి పెంచుతూ, "అన్నిటి రేట్లు జంపయినయ్" అంది. దూకడానికే కాదు, పెరగడానికీ అదే మాటని అప్పుడు తెలిసింది.

అసలు జంప్ మాత్రం మా అమ్మాయిది.

మా నాయన పోచంపల్లి దగ్గర మగ్గం నేసేవాడు. చూపు మందగించి, మగ్గం అమ్మేసి మా ఇంటికి వచ్చే ముందు మనవరాలికి ఒక లంగా గుడ్డ నేశాడు. అదే ఆయన ఆఖరి నేత. ఎర్రటి గుడ్డ మీద తెల్లటి చిలుకలు. పిల్ల ఎదుగుతుంది కదా అని నేను లోపలికి మడతలు పెట్టి కుట్టాను. ఏటా బతుకమ్మకు ఒక మడత విప్పేదాన్ని. విప్పిన చోట రంగు వెలిసిపోక కొత్త గుడ్డలా మెరిసేది. ఆ పట్టీ చూసుకుని, "గింత పెరిగిన్నా!" అని పిల్ల మురిసేది.

ఒక ఏడు ఎండాకాలం సెలవులు దాటేసరికి చెట్టంత ఎదిగింది. బతుకమ్మకు ఆఖరి మడత విప్పినా లంగా పిక్కల దగ్గరే ఆగింది. పక్కింటి గుంటూరు వదినగారు నవ్వారు. "ఏమే, ఒకేసారి ఇంత జంపా? కొత్తది కొనండి వదినా."

"తాత నేసిందే ఏసుకుంట. లేకుంటే బతుకమ్మకే రాను" అని పిల్ల మూతి ముడుచుకుంది.

నాయన ఇక నేయలేడు. అలాంటి గుడ్డ నేనెక్కడ తేను? ఆయన లంగా ఒళ్లో పెట్టుకుని అంచు తడిమాడు. తర్వాత భుజం మీది రుమాలు తీసి నా చేతిలో పెట్టాడు. అదీ ఆయన నేసుకున్నదే.

"గిది కత్తిరించి కిందికి కుట్టు బిడ్డా."

"అది లేంది గడప దాటవు గదా నాయనా!"

"తువ్వాల ఏసుకుంటలే. నువ్వు కుట్టు."

రుమాలు పట్టీలు కలిపేసరికి లంగా పాదాలకు అందింది. ఆ సాయంత్రం గల్లీలో ఆడవాళ్లు బతుకమ్మ చుట్టూ తిరుగుతుంటే నాయన కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"మన పిల్ల యాడుందే?"

"నీ రుమాలు ఊగుతున్న కాడ చూడు."

కళ్లు చికిలించి చాలాసేపు చూశాడు. "ఆఁ, కానొచ్చింది" అన్నాడు.

మరుసటి ఏడు లంగా మళ్లీ పొట్టిదైంది. పిల్ల దాన్ని పట్టుకుని తాత ముందు నిలబడితే, ఆయన నడుము దగ్గర పంచె గట్టిగా పట్టుకున్నాడు.

"ఇగ నా కాడ గీ పంచె ఒక్కటే మిగిలింది బిడ్డా. ఇది మాత్రం ఇయ్య!"