గంగమ్మ గుట్ట, చార కింది రాళ్లు

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు, ఎండాకాలం. దేవరకొండ దిక్కు, సాగర్ వెనుకనీళ్ల ఒడ్డున మా ఊరు. నీళ్ల నడుమ ఒక గుట్ట ఉంది. డ్యామ్ కట్టకముందు దాని చుట్టూ చేన్లుండేవట. ఇప్పుడు ఎటు చూసినా నీళ్లే. నా పెనిమిటి పోయాక ఆయన పుట్టి నేనే పట్టాను. పుట్టి అంటే గంపలాగా గుండ్రంగా ఉండే పడవ. తెడ్డు వేయడం రాకపోతే ఉన్నచోటే గిరగిర తిరుగుతుంది. చేపలు పడతాను, గుట్టకు మనుషులను దాటిస్తాను. అవతలి ఒడ్డుకు కేకలేసి కేకలేసి నా గొంతు బొంగురుపోయింది. సంతకం వరకే నాకు అక్షరాలు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది.

గంగమ్మ పండుగకు ముందురోజు పొద్దున హైదరాబాద్ నుంచి సుజాత అనే పిల్ల వచ్చింది. బల్లుల మీద చదువుతోందట. నవ్వొచ్చింది నాకు.

"బల్లుల కోసం గుట్ట దాక ఎందుకు బిడ్డా? మా ఇంట్ల దూలానికి ఎన్ని గావాలె?"

"ఇంటి బల్లి కాదమ్మా, గుట్టబల్లి. అది బండలు విడిచి రాదు," అంది.

ఆ పిల్లను గుట్టకు దాటించాను. అక్కడ పలకరాళ్లు పొరలుపొరలుగా లేచి ఉంటాయి. ఒక సందులో టార్చి వేసి చూపించింది. జానెడు బల్లి, అచ్చం బండ రంగే. ఇంకో పలకను మెల్లగా ఎత్తింది. దాని అడుగున రెండు తెల్లటి గుడ్లు, రాయికే అతుక్కుని ఉన్నాయి.

"రాయి తీస్తే గుడ్లు కూడా దానితోనే పోతాయమ్మా. ఇక్కడివి పోతే ఇంకో గుట్ట నుంచి నీళ్లు దాటి రాలేవు," అని పలకను ఎట్లున్నదట్లే పెట్టింది.

కానీ తెల్లారితే పండుగ. గంగమ్మ బోనం గుట్ట మీదే వండాలి. పొయ్యికి ఆ గుట్ట రాళ్లే కావాలి. ఒకసారి కాలిన రాయి మళ్లీ పనికిరాదు. ఏటేటా ఇంటింటికీ మూడు కొత్త రాళ్లు. అందరూ ఎత్తేది ఆ పలకలనే, కుండకు సరిగ్గా కుదురుతాయని.

తిరిగొస్తుంటే గుట్ట చుట్టూ ఉన్న తెల్లటి చార మీద నా కన్ను పడింది. దాన్ని డ్యామోళ్లు ఎఫ్‌ఆర్‌ఎల్ అంటారు. నీళ్లు నిండుగా ఉన్నప్పుడు వచ్చే మట్టం అది. వానలకు చార దాకా మునుగుతుంది, ఎండలకు కింది రాళ్లు బయటపడతాయి. పుట్టి వెనక్కి తిప్పాను. ఆ పిల్లా నేనూ చార కింద రాళ్లు తిరగేసి చూశాం. ఒక్క గుడ్డూ లేదు.

మర్నాడు మొదటి ఖేపులో మా కులపెద్ద ఎల్లయ్యను దాటించాను. నా పెనిమిటికి అన్న, నాకు బావ. వెంట మా తోడికోడలు సాయమ్మ. దిగీ దిగగానే బావ పైకి నడిచాడు.

"బావా, ఆగు! పైన రాళ్లు తీయొద్దు. బల్లులు గుడ్లు పెట్టినయి."

సాయమ్మ పకపకా నవ్వింది. "బల్లి మీద పడితే మనం తలకు పోసుకుంటం. ఇది బల్లికి బాలింత చాకిరి చేస్తాంది!"

"అమ్మ రాయి కాకపోతే ఏ రాయి మీద వండమంటవే?" అన్నాడు బావ.

"చార కింది రాయి తీయి. వానాకాలమంత అమ్మ కడుపుల ఉన్న రాయి అది. దాన్ని ఇడిచిపెట్టి ఎండల మాడిన రాయి మీద వండుతవా?"

బావ కింది రాళ్ల వైపు చూశాడు. తర్వాత చల్లగా అన్నాడు: "నానిన రాయి మంటకు పగుల్తది. అమ్మ కుండ పలిగితే ఊరికి కీడు. ఎవరు మోస్తరు?"

నిజమే. నీళ్లు తాగిన రాయి పేలుతుంది, మా వాళ్లందరికీ తెలుసు. కానీ చారకు దగ్గరగా ఉన్నవి ఎప్పుడో బయటపడి ఎండిపోయాయి. వాటిలో మూడు ఎత్తి, ఒకదానితో ఒకటి కొట్టి చూశాను. గట్టిగా మోగాయి. అక్కడే పొయ్యి పెట్టాను.

"ముందుగాల నా కుండనే పెడ్త."

"మొగడు లేనిదాని బోనం ముందా?" అంది సాయమ్మ.

"పలిగితే నాదే పలుగుతది గదనే. నీకేం ఫికర్?"

మంట వేశాను. వేరే పుట్టీల్లో దాటి వచ్చినవాళ్లంతా చుట్టూ నిలబడ్డారు. కట్టె చిటపటమన్నప్పుడల్లా రాయే పగిలిందేమోనని వంగి చూశాను. తెడ్డు పట్టిన నాటి నుంచి అంత భయం ఎరుగను. బియ్యం కుతకుత ఉడికి, నురుగు అంచు దాటి పొంగింది. రాళ్లు చెక్కుచెదరలేదు. బావ చార కిందికి దిగి, తన పొయ్యికి రాళ్లు ఏరుకున్నాడు. ఆయన వెనక సాయమ్మ. ఆమె వెనక తక్కినవాళ్లు.

సుజాత మరుసటి ఏడూ వచ్చింది. పలకలు కదలలేదు, కింద కొత్త గుడ్లున్నాయి. నన్ను గట్టిగా వాటేసుకుంది.

పుట్టి మీద ఇన్నేళ్లలో నాకు తెలిసింది ఒకటే. వద్దని అరిస్తే ఎవరూ ఆగరు, నా అంత గొంతున్నా. ఎటు పోవాలో చూపి, ముందు నీ కుండ పెట్టాలి. ఇప్పుడు పండుగనాడు ఎవరైనా పైకి ఎక్కబోతే ఎల్లయ్య బావే కర్ర ఊపుతాడు: "కిందికి దిగుండ్రి! అమ్మ కడుపుల రాయే తీయాలె. మా తాతల నాటి సంది గిదే పద్ధతి!"

తాతల నాటిదట! పుట్టిలో కూర్చుని వింటాను. నాకు మీసం లేదు గానీ, ఉంటే నా మాటకు అంత వయసొచ్చినందుకు తిప్పేదాన్ని.