సూసినాను, ఇంకా ఉంటాది

సింహాచలం గారు పరమపదించారన్న దుర్వార్త నాకు ఒక స్నానాల గదిలో తెలిసింది. బుకిట్ బటోక్‌లో ఒక తెలుగువారి ఫ్లాట్‌లో నిచ్చెనెక్కి, ఫాల్స్ సీలింగ్‌లో తల దూర్చి, పాత వాటర్ హీటర్‌ను పరిశీలించి, ఇక దీన్ని మార్చేయడమే శ్రేయస్కరమని ఆ ఇల్లాలికి సవినయంగా విన్నవిస్తున్నాను. ఆమె ఫోను చూసుకుని గోడకు చేరగిలబడిపోయింది. "అయ్యో, సింహాచలం అంకుల్ పోయారంటండీ! పొద్దున్నే గుండెపోటట. రేపొచ్చి చూస్తానన్నారు. అయ్యయ్యో, ఇప్పుడీ హీటర్ సంగతి ఎవర్ని అడగాలి?" అంది. నేను నిచ్చెన మీదే ఉన్నాను. నా చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. పాతికేళ్ళుగా ఈ ఊళ్ళో హీటర్లే అమ్ముతున్నాను. గుండె గుభేలుమంది, నిజం. కానీ ఆ వెంటనే కడుపులో పాత మంట భగ్గుమంది. మనిషి పోయి మూడు గంటలు కాలేదు, అప్పుడే మళ్ళీ ఆయనే గెలిచారు.

"మీరిద్దరూ ఒకే వృత్తివాళ్ళు, ఆయన గురించి మీకంటే ఎవరికి తెలుసు" అంటూ మన తెలుగు సంఘం సంచికవారు ఈ వ్యాసం నన్ను రాయమన్నారు. పుణ్యమూర్తులను సంస్మరించేటప్పుడు అంతఃకరణం నిర్మలంగా ఉండాలి. నాది లేదు. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆయన మీద కుళ్ళుకున్నాను. ఆ మాట దాచి ఎన్ని సంస్కృత సమాసాలు పేర్చినా అది నివాళి కాదు, దొంగ ఏడుపు అవుతుంది. అందుకని ముందే చెప్పేసి మొదలుపెడుతున్నాను.

ఆయన మలేషియాలో ఒక రబ్బరు ఎస్టేట్‌లో పుట్టారు. ముత్తాతల కాలంలో విశాఖ వైపు నుంచి ఓడెక్కి వెళ్ళిన కుటుంబం. ఆ తెలుగును వాళ్ళు ఊరగాయ జాడీలా భద్రంగా దాచుకున్నారు. "చ" అనవలసిన చోట "స" అనేవారు. పని వెతుక్కుంటూ దక్షిణాన ఉన్న ఈ ద్వీపానికి వచ్చి, యీషున్‌లో స్థిరపడి, జీవితాంతం హీటర్లు బాగుచేశారు. నాది కాకినాడ. బుకిట్ బటోక్‌లో కొత్త హీటర్ల దుకాణం. మెరిసే తెల్లటి డబ్బాలు వరసగా గోడకు వేలాడుతుంటాయి. వేణ్ణీళ్ళు సరిగా రాని ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న: బాగుచేయించాలా, మార్చేయాలా? మార్చేయాలని నేను చెప్పేవాణ్ణి. సింహాచలం గారు ఏదీ చెప్పేవారు కాదు. "సూద్దాం" అనేవారు. మలయ్ వాళ్ళ ఇళ్ళలోనైతే "తెంగొక్ దులు" అనేవారు. ముందు చూడాలి, తరవాతే మాట, అని దాని భావం. జనం నా అరగంట ఉపన్యాసం విని, తలూపి, చివరికి ఆయన ఆ ఒక్క మాట కోసం వారం రోజులు ఎదురుచూసేవారు.

చూడటమంటే మామూలు చూపు కాదది. ఒకసారి ఒక ముసలావిడ ఇంట్లో హీటర్ వేసినప్పుడల్లా ఇల్లంతా కరెంటు పోతోంది. నేను కింద నుంచే తేల్చేశాను, దీని ఆయువు తీరిందని. ఆయన వచ్చి, కరెంటు కట్టేసి, మూత విప్పి, లోపలి తీగల్ని ఒక్కొక్కటే వేలితో తడిమి, టాంకుకు చెవి ఆనించి చాలాసేపు కూర్చున్నారట. ఆవిడకు భయమేసి, "ఏమైంది అంకుల్, ఉందా పోయిందా?" అని అడిగింది. "టాంకు కారితే సావు తల్లీ. మిగతాదంతా జొరమే" అన్నారట ఆయన. లోపల కాలిపోయిన కాయిల్ ఒక్కటి మార్చి వెళ్ళిపోయారు. ఆవిడ ఆ మాటను గుడిలో కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పింది. నాకే మూడుసార్లు చెప్పింది, ఆయువు తీరిందని తేల్చినవాణ్ణి నేనేనని మరిచిపోయి.

పని ముగించాక ఆయనకొక అలవాటుండేది. మూత లోపలివైపు నల్ల మార్కర్‌తో తెలుగులో రాసేవారు, ఎలా పలుకుతారో అలాగే: "సూసినాను. ఇంకా ఉంటాది." కింద "సింహా" అని సంతకం. బడిలో నేర్చిన రాత కాదు, తల్లి దగ్గర నేర్చిన రాత. ఏళ్ళు గడిచాక ఆ హీటర్లు నిజంగానే పాడైతే అవి నా చేతికొచ్చేవి. మూత విప్పగానే ఆ అక్షరాలు కనిపించేవి. నా కుర్రతనంలో పరీక్ష పేపర్లు దిద్దే మాస్టారిలా వాటిలో తప్పులు వెతికి నవ్వుకునేవాణ్ణి. "చూశాను అని రాయడం రాదు, ఈయనకింత పేరా!" అనుకునేవాణ్ణి. నవ్వు ఎంతసేపు? ఆయన ఉంటుందన్నది అన్నేళ్ళూ ఉంది మరి.

ఇక మా ఇంటి భాగోతం. మా హీటర్ ఒకరోజు కాగితే మూడ్రోజులు మొరాయించేది. "మార్చేద్దాం, మన దుకాణంలో లేనివా" అని ఏడాదిపాటు మా ఆవిడకు చెబుతూనే ఉన్నాను. మార్చలేదు. ఈమధ్య అది రోజూ కాగుతోందని గమనించనూ లేదు. ఒక ఆదివారం తీరిక చేసుకుని మూత విప్పాను కదా, లోపల నల్లటి అక్షరాలు! సూసినాను. ఇంకా ఉంటాది. సింహా. నా ఇంట్లో, నా నెత్తి మీద, ఆయన సంతకం! నిచ్చెన దిగేసరికి నా ముఖం ఎలా ఉందో గాని, మా ఆవిడ ముందే ఒప్పేసుకుంది.

"నేనే పిలిచానండీ. ఏం చెయ్యమంటారు? మీరు చూడకుండానే పోయిందంటారు. ఆయనొచ్చి చూశారు."

"నేను చూడనా? నేను?"

"చూస్తే ఆ రాత ఆర్నెల్ల కిందటే కనబడేది మీకు."

మా అమ్మాయి గదిలోంచే ఈ ఊరి యాసలో అరిచింది, "నాన్నా, అంకుల్ ఫిక్స్ చేశారు కదా, చాలు లా! వై సో యాంగ్రీ?" అని. ఆ రోజు నుంచి నెల్లాళ్ళు పంతం పట్టి చన్నీళ్ళే పోసుకున్నాను. ఈ ఊళ్ళో చన్నీళ్ళు కూడా గోరువెచ్చగానే ఉంటాయి. నా పౌరుషం ఇంట్లో ఎవరికీ తెలియనే లేదు.

కుళ్ళు ముదిరితే మనిషికి ఒక్కోసారి తెలివి కూడా వస్తుంది. ఈయన్ని ఓడించలేనప్పుడు కలుపుకుంటే పోలేదా అనిపించింది. యీషున్‌లో ఆయన రోజూ టీ తాగే హాకర్ సెంటర్‌కు, ఆ తిండి కొట్ల సముదాయానికి, వెళ్ళాను. టిష్యూ ప్యాకెట్ పెట్టి బల్ల చోప్ చేసి, అంటే ముందే ఆపుకుని, ఆయన రాగానే కూర్చోబెట్టి, అభిమానం చంపుకుని అడిగాను.

"అన్నా, ఇద్దరం కలిసి చేద్దాం. మీరు చూడండి. బాగయ్యేది బాగుచేయండి. పోయిందని మీరంటే నేను కొత్తది పెడతాను. బోర్డు మీద ఇద్దరి పేర్లూ వేద్దాం."

ఆయన టీ గ్లాసు తిప్పుకుంటూ చాలాసేపు నన్నే చూశారు. తరవాత, "సూద్దాం తమ్ముడూ" అన్నారు.

చూద్దాం! మా వైపు ఆ మాటకు అర్థం చంటిపిల్లలకు కూడా తెలుసు. సంబంధం అడిగినా, ఉద్యోగం అడిగినా, అవతలివాడు చూద్దాం అన్నాడంటే ఇక దయచేయమని. మర్యాదగా మూసిన తలుపు అది. నేను సగం టీ వదిలేసి లేచి వచ్చేశాను. తంజోంగ్ పగార్‌లో ఒక ఆఫీసు పనికి వెళ్ళాలి, వెళ్ళలేదు. తిన్నగా ఇంటికి వచ్చి పడుకున్నాను.

వారం తిరక్కుండా ఆయన నా దుకాణానికి వచ్చారు. చేతిలో సంచీ లేదు, ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. నేను ఫోనులో ఉన్నట్టు నటించాను. కుర్చీ వేయలేదు. ఆయన ఒక్కో హీటర్ దగ్గరా ఆగి, మూత ఎలా ఊడుతుందో, తీగ ఎక్కడ బిగుస్తుందో, అన్నీ తడిమి చూశారు. వెనక గదిలోకి కూడా తొంగిచూశారు. అరగంటయ్యాక నా ముందు నిలబడి, నవ్వి, "సూసినాను తమ్ముడూ" అన్నారు. కాసేపు ఆగారు. నేను ఫోను దించలేదు. వెళ్ళిపోయారు. నీ బతుకెంతో చూశానులే అని ఎత్తిపొడిచినట్టే వినిపించింది నాకు. ఆ తరవాత ఎదురుపడితే పలకరించుకునేవాళ్ళం. అంతకు మించి లేదు.

పోయిన వారం, కర్మకాండ ముగిశాక, ఆయన భార్య పైడమ్మ వదిన నాకు ఫోను చేసింది. "సూర్యం బాబూ, మా ఇంట్లో హీటర్ వారం నుంచి కరెంటు కొట్టేస్తన్నాది. అల్లుడు మార్చేమంటన్నాడు. అమ్మాయి నాన్న సేత్తో సేసింది మార్చొద్దంటన్నాది. నువ్వొచ్చి సెప్పు" అంది. ఆయన స్నానాల గదిలో ఆయన నిచ్చెనే ఎక్కాను. మూత విప్పడానికి చేతులు రాలేదు. విప్పాను. లోపల ఆ చివర నుంచి ఈ చివర దాకా ఆయన రాత. సూసినాను, ఇంకా ఉంటాది. సూసినాను, ఇంకా ఉంటాది. ఎన్నిసార్లు రాశారో. అన్నిటికీ కింద, ఇంకా మెరుపు తగ్గని అక్షరాల్లో, ఆఖరి పంక్తి ఉంది: "సూసినాను. ఇంక ఉండదు. సూర్యాన్ని అడగాల."

నేను విప్పిన అన్ని మూతల్లో ఉండదు అన్న మాట ఆయన రాయగా ఎన్నడూ చూడలేదు. టాంకు అతుకు దగ్గర తడి వేలికి తగిలింది.

కిందికి దిగి, "మార్చాలి వదినా" అన్నాను. ఆ మాట ఈ ఊళ్ళో ఎన్ని వందల ఇళ్ళలో అని ఉంటానో. ఒకసారి సింహాచలం గారిని కూడా అడుగుదాం అనే జవాబు నాకు కంఠతా వచ్చు. వదిన మాత్రం, "అయితే మార్చు బాబూ" అంది. అంతే. పక్కనే ఉన్న కూతురు కళ్ళు తుడుచుకుంది గాని ఎదురాడలేదు. జీవితమంతా నేను పడి చచ్చిన నమ్మకం ఆ ఇంట్లో దొరికింది. అదీ ఆయన పెట్టి పోయిందే! మళ్ళీ అసూయ పుట్టింది. ఏం దాచను?

వదిన టీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది. "నీకాడికి ఒచ్చినాడు కదా ఓపాలి, ఇస్త్రీ సొక్కా ఏసుకుని. ఇంటికొచ్చి ఏటన్నాడో తెలుసా? దుకాణం సూసినాను, బాగుంది, తమ్ముడితో కలిసి సేసుకుంటాను అన్నాడు. సానా కుశాలగా ఉన్నాడు ఆ రోజు. మరి నువ్వు మళ్ళీ అడగనేదు. సూసినాను అని సెప్పినాను కదే, మనసు మారిపోనాదేమో అబ్బాయికి, అని ఊరుకున్నాడు. మరెప్పుడూ ఆ మాట ఎత్తనేదు."

చూద్దాం అంటే చూడటమే. ఆయన ఆ మాట అన్న ప్రతి ఇంటికీ వెళ్ళి చూశారు, నా దగ్గరికీ వచ్చి చూశారు, చూశానని చెప్పి నిలబడ్డారు కూడా. మూతల మీద ఆ అక్షరాలు అన్నేళ్ళు చదివి, తప్పులు పట్టినవాణ్ణి, నా ముందు నిలబడి ఆయన నోటితో చెప్పినప్పుడు చదవలేకపోయాను.

వృత్తిని వ్రతంగా ఆచరించిన ఆ ధన్యజీవి లేని లోటు ఈ ద్వీపంలోని తెలుగు ఇళ్ళకు పూడ్చలేనిదని నేను వేరే రాయనక్కర్లేదు. హీటర్ మొరాయించిన ప్రతి ఇంట్లో వాళ్ళకే తెలుస్తుంది. వదిన ఇంట్లో కొత్తది బిగించాను. పాత మూత పైన దుమ్ము తుడిచి ఆమె చేతికిచ్చాను. మా ఇంట్లో ఆయన బాగుచేసిన హీటర్ ఈ రోజు కూడా కాగుతోంది, నేను వేణ్ణీళ్ళే పోసుకుంటున్నాను.

అన్నా, అప్పుడు అడగవలసింది ఇప్పుడు రెండోసారి అడుగుతున్నాను. కలిసి చేద్దాం. మీరు సూద్దాం అనే అనండి, ఈసారి నాకు అర్థమవుతుంది. దుకాణంలో మీకు కుర్చీ వేశాను.