ప్లేటయ్య ప్రవక్త

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. నోరే పెగలని పిల్ల వల్ల ఊరేమవుతుందో నన్నడగండి. ఒక్కసారి తలూపి, మా నాయన బతుకును నిండా ముంచబోయాను.

నాయన డోన్ దగ్గర మగ్గాలవాళ్ల పల్లెలో క్రైస్తవ ఉపదేశి. వారంలో మిషను తెల్లదొర వచ్చి సంఘాన్ని ప్రశ్నలడుగుతాడు. జవాబులు సరిగా వస్తే నాయన పాస్టరు; రాకుంటే ఉన్న పనీ ఊడుతుంది. సరిగ్గా ఆ వారమే నాయన గొంతు పూడిపోయి, ఆడవాళ్ల పాఠం నా నెత్తిన పడింది.

"ఆదియందు వాక్యముండెను" అని గోడకేసి చూస్తూ చదివాను.

ముందు వరసలో కూర్చున్న రాహేలమ్మవ్వ నూలు కండె చుట్టడం ఆపింది. "నోరు లేకుండా మాట యాడుంటాది పాపా?"

దొర బీరువాలోంచి తెచ్చుకుని దొంగగా చదివిన పుస్తకం గుర్తొచ్చింది. "గ్రీకు దేశంలో ప్లేటో అని ఒకాయన ఉండేవాడవ్వా. నేయకముందే చీర నేతగాని మనసులో ఉన్నట్టు, లోకం కూడా ముందు తలపుగా ఉండేదన్నాడు. వాక్యమంటే ఏమిటో చెప్పడానికి తొలినాళ్ల క్రైస్తవ పెద్దలు ఆ దారం కూడా వాడుకున్నారు."

"ఎప్పుడు చెప్పినాడు?"

"ప్రభువు పుట్టడానికి నాలుగు వందల ఏండ్ల ముందు."

"అంత ముందేనా! అట్లయితే ప్రవక్తే కదా పాపా?"

కాదు అనడానికి రెండక్షరాలు చాలు. కానీ పాతికమంది నన్నే చూస్తున్నారు. తలూపేశాను.

దొర వచ్చాడు. ఆడవాళ్లు పది ఆజ్ఞలూ గడగడా ఒప్పజెప్పారు. నాయన ముఖం విప్పారింది.

"ప్రభువును గురించి ముందే చెప్పిన ప్రవక్తలెవరు?"

"యెషయా, మీకా, ప్లేటయ్య!"

చూరులో బల్లి కూడా నోరు మూసుకుంది.

"ఎవరూ?"

"ప్లేటయ్య దొరా. మీ దేశాల తట్టాయనే. మీకు తెల్దా?" అంది రాహేలమ్మవ్వ.

"ఎవరు చెప్పారు మీకు?"

పాతిక వేళ్లు నావైపు లేచాయి. స్తంభం వెనక్కి దూరాను. స్తంభం నాకంటే సన్నం.

దొర అవ్వవైపు వంగాడు. "ఏం చెప్పాడాయన?"

నాయన కళ్లు మూసుకున్నాడు.

"చీర మనసులో ఉండాదని చెప్పినాడు దొరా. శానా తెలివైనోడే. అయితే మనసులో చీరతో మానం నిలుస్తాదా? ఆయప్ప ఆడికే నిలిచిపోయినాడు. మన ప్రభువు మాత్రం ఒళ్లు కట్టుకోని మన మధ్యకు దిగొచ్చినాడు."

దొర కుర్చీని అవ్వ దగ్గరికి జరుపుకున్నాడు. తర్వాత జేబులోంచి పుస్తకం తీసి, అవ్వ మాటలు ఆమె చేతనే మళ్లీ చెప్పించుకుని రాసుకున్నాడు. నాయనను పాస్టరును చేసి వెళ్లాడు.

పాస్టరుగా నాయన ఇచ్చిన మొదటి బాప్తిస్మం అవ్వ మనవడికి. బిడ్డ పేరేమిటో చెప్పనక్కర్లేదనుకుంటాను.

ఆనాడే డైరీలో ఒట్టు రాసుకున్నాను: "ఇక ఏ గ్రీకువాణ్ణీ ఈ పల్లె పొలిమేర దాటనివ్వను. ఎవరేమడిగినా తలూపను." కింద సంతకం ఆరకముందే గుమ్మంలో రాహేలమ్మవ్వ.

"పాపా, నా చిన్నకూతురు కూడా ఈ నెలలో నీళ్లాడతాది. పుట్టే బిడ్డకూ ఒక పేరు కావల్ల. ఆ ప్లేటయ్యకు శిష్యుడెవరన్నా ఉండాడా?"

రెండు చేతులతో తల గట్టిగా పట్టుకున్నాను.