ఎలగందుల కోటను చీరతో కొలిచాం

జనవరి 18, ఆదివారం. మా మనవరాలు సుమేధ హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదువుతోంది. జ్వరం వచ్చి, తరగతి వాళ్లతో కోట చూడటానికి పోలేకపోయింది. మంగళవారానికల్లా ఒక పాత కట్టడాన్ని కొలిచి బొమ్మ గీసి ఇవ్వకపోతే సబ్జెక్టు తప్పుతుంది. అందుకే నిన్న దాన్ని ఎలగందులకు తీసుకెళ్లాను. వెళ్లాలనుకునేవారికి పనికొస్తుందని, దారీ ఖర్చూ మరవకముందే రాస్తున్నాను.

మెట్‌పల్లిలో ఆరున్నరకు బస్సెక్కితే తొమ్మిదిలోపు కరీంనగర్ చేరతాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం. అక్కడి నుంచి కోటకు ఆటో రానూపోనూ ఎనిమిది వందలన్నాడు డ్రైవర్. ఆరు వందలిస్తానన్నాను.

"ఎండల ఆగాలె గద పెద్దమ్మా!"

"కోట నీడ ఉంటది, కూసో" అన్నాను. ఒప్పుకున్నాడు.

ఎలగందుల ఒకప్పుడు ఈ ప్రాంతానికి రాజధాని. కాకతీయుల నుంచి నిజాముల దాకా ఎందరో ఏలారు. కొండ మీద గుడీ ఉంది, మసీదూ ఉంది. ఒకరు పేర్చిన రాళ్ల మీద ఇంకొకరి సున్నపు పని కనిపిస్తుంది. మొదటి ద్వారం దగ్గరే సుమేధ సంచంతా వెతికింది. కొలిచే టేపు ఇంట్లోనే మరిచింది.

"తలకాయ మరిచి రాలే, సంతోషం" అన్నాను.

దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. మార్చుకోవడానికి తెచ్చుకున్న నూలు చీర తీశాను. పొడవు ఆరు మీటర్ల ముప్పై, కొన్నప్పుడు చీటీ మీద చూశాను. సగానికి, పావుకు మడతపెడుతూ ద్వారం, గోడలు, కమాను కొలిచాం. ఒక కొస డ్రైవర్ చేతిలో పెట్టాను.

"ఏం పెద్దమ్మా, కోటకు చీర పెడుతున్రా? బోనం గూడ తెచ్చిన్రా?"

"గట్టిగ పట్టు. వదులైతే కిరాయిల వంద కోత."

మధ్యాహ్నం నీడలో పులిహోర తింటుంటే సుమేధ నన్నే చూసి పకపకా నవ్వింది. "నానమ్మా, నువ్వు తొడుక్కున్న రవిక ఏ చీరలోది?"

చూసుకున్నాను. ఆ చీరలోదే. రవిక గుడ్డ కోశాక చీర ఆరు మీటర్ల ముప్పై ఎలా ఉంటుంది? దర్జీ ఎంత కోశాడో నాకు తెలియదు. డ్రైవర్ నవ్వుతూనే ఉన్నాడు. మీటర్లు కొట్టేయించి, అన్నీ చీరల్లోనే రాయించాను: ద్వారం అరచీర, గోడ మూడు చీరలా పావు.

ఈ కోట కట్టినవాళ్లూ తాడుతోనో మూరతోనో మొదలుపెట్టి ఉంటారు. ఏలినవాళ్లు మారినా గోడ నిలిచింది. వెళ్లేవారికి ఒక్క మాట: పైన కొనడానికి ఏమీ దొరకదు, నీళ్లూ తిండీ కిందినుంచే మోసుకెళ్లండి. ఇక మా ఇంట్లో జరగాల్సినవి:

1. సుమేధ ఈ పూటే టేపుతో చీర కొలిచి, లెక్కలు మీటర్లలోకి మార్చాలి.
2. మంగళవారం బొమ్మ ఇచ్చెయ్యాలి.
3. కొలిచేదాకా ఆ చీరను ఎవరూ ఉతకకూడదు. నూలుది, కుంచించుకుపోతే కోట కూడా చిన్నదైపోతుంది.