మంచె ఎక్కని వేటగాడు

ఈ శుక్రవారం ఉదయం ఇది రాయడానికి కారణం ఉంది. మా వియ్యంకుడు, అంటే మా కోడలి తండ్రి, మంగళవారం ఇక్కడ, ఖతర్‌లోని ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆయన భౌతికకాయాన్ని తీసుకుని కోడలు, మా అబ్బాయి కాకినాడకు వెళ్లారు. నిన్న ఫరీజ్ బిన్ మహమూద్ పేటలో మిత్రులంతా చేరి ఆయన్ను తలుచుకున్నాం. ఆయన ఆఖరి బాణం సంగతి వచ్చినప్పుడు జగిత్యాల వైపు మిత్రుడొకాయన నన్ను చూపించి, "అమ్మగారు జాలిపడి ఇడిసిపెట్టిండ్రు, గందుకే తాకింది" అన్నారు. అందరూ తలలూపారు. అది అబద్ధం. పోయిన మనిషి ఎదురు చెప్పలేరు కనుక మన తెలుగు కుటుంబాలకు నేను చెబుతున్నాను.

ఆయన ఉద్యోగరీత్యా కొన్నేళ్లు ఆఫ్రికాలో ఉన్నారు. అక్కడ లైసెన్సు తీసుకుని విల్లుతో జింకల వేటకు వెళ్లేవారు. తోటివాళ్లు చెట్టు మీద మంచె కట్టుకుని కూర్చుంటే ఆయన నేలమీదే పాకేవారట. "మంచె ఎక్కితే జింక మన కాళ్ల కింద ఉంటుంది వదినగారూ. నేలమీదైతే మనం దాని కళ్ల ముందుంటాం. అలా కొడితేనే వేట" అనేవారు.

తర్వాత ఖతర్ వచ్చారు, ఇక్కడ జింకను వేటాడకూడదు. అందుకని షహానియా ఊరు దాటాక ఒక తోటలో, యజమాని అనుమతితో, ఫోమ్ జింకను నిలబెట్టి చలికాలం శుక్రవారాల్లో ఆట ఆడేవారు. జింక పక్కన ఇసుక బస్తాల గోడ. దాని వెనక విజిల్‌తో ఒకరు కూర్చోవాలి. వాళ్లే జింకకు కళ్లు, చెవులు. పాకుతూ వచ్చేవాళ్లు కనబడినా, వినబడినా విజిల్ ఊదాలి. ఇక వాళ్ల ఆట అయిపోయినట్టే. ఎవరికీ తెలియకుండా, జింకకు కొంత దూరంలో గుర్తుగా పెట్టిన తెల్లరాయి దాకా వస్తేనే బాణం వేయాలి.

విజిల్ నా చేతికిచ్చింది ఆయనే. "పరీక్ష హాల్లో చీటీలు పట్టుకున్న కళ్లండీ ఇవి, జాగ్రత్త" అని అందరికీ పరిచయం చేశారు.

ఎన్ని చలికాలాలు ఆడినా ఆయన నన్ను దాటలేదు. ఒకసారి ఏమీ కనబడలేదు, వినబడలేదు. గాలిలో నొప్పుల మందు వాసన వచ్చింది. పాకేముందు మోకాళ్లకు దట్టంగా పట్టించుకొచ్చారు. ఊదేశాను.

"వాసన లెక్కలోకి రాదండీ" అంటూ పొద వెనక నుంచి లేచారు.

"జింకకు ముక్కు లేదా అన్నయ్యగారూ?"

"ఉంది. మీదే న్యాయం" అని ఇసుక దులుపుకున్నారు.

నిరుడు చలికాలం చివర, ఇక పాకడాలూ విల్లు లాగడాలూ కట్టిపెట్టమని డాక్టరు చెప్పాడు. అన్నయ్యగారు బతిమాలి ఒక్క శుక్రవారం ఒప్పించుకున్నారు. ఆ రోజు తోటకు చేరాక కోడలు నన్ను పక్కకు పిలిచింది.

"అత్తయ్యా, ఈ ఒక్కసారికి వినబడనట్టు ఉండండి. నాన్న సంతోషిస్తారు."

"తెలిస్తే జన్మలో నాతో మాట్లాడరు" అన్నాను.

గోడ సందులోంచి చూస్తూ కూర్చున్నాను. ముళ్లపొదలు, ఎండుగడ్డి, ఇసుక కుప్పలు. గాలి వీస్తే అన్నీ కదిలేవి, ఆగితే అన్నీ ఆగేవి. ఒక్కటీ వరస తప్పలేదు. విజిల్ పళ్ల మధ్యే ఉంది. నా గుండె చప్పుడు నా వినికిడికే అడ్డొస్తోంది. ఎటునుంచి వస్తున్నారు? అసలు బయల్దేరారా?

థప్‌మని చప్పుడు. జింక డొక్కలో బాణం వణుకుతోంది. నేను రెండుసార్లు చూసి ఇసుక కుప్ప అనుకున్నది దుప్పటి తీసి నవ్వుతోంది.

"యల్లా, కానివ్వండి వదినగారూ, ఊదండి ఇప్పుడు."

ఊదాను. ఊపిరి అందినంతసేపూ ఊదాను. ఓడిపోయి అంత సంతోషపడడం నాకదే మొదలు.

దగ్గరకు వెళ్తే ఆయన మోకాళ్లు పట్టుకుని లేస్తున్నారు. మందు వాసన లేదు.

"రాసుకోకుండా ఎలా పాకారండీ?"

"నొప్పికి వాసన ఉండదు కదా."

కోడలు నన్ను పక్కకు లాగింది. "నిజం చెప్పండి అత్తయ్యా. వదిలేశారా?"

"లేదే. నాకు తెలియనే లేదు."

అప్పుడు ఏడ్చింది, నవ్వుతూనే.

ఇక జరగవలసినవి:

1. నేను జాలిపడ్డానన్నవారు కోడలు తిరిగొచ్చేలోపు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. అది ఆమె చెవిన పడకూడదు.

2. ఆట ఆగకూడదు. ఆయన విల్లు ఇక మా కోడలిది. ఆమె లాగగలదు, నేను చూశాను.

3. ఆమె మొదటిసారి పాకే రోజు గోడ వెనక నేనే కూర్చుంటాను. గాలి ఆగినప్పుడు ఒక్క పొద కదిలినా ఊదుతాను.