నాకు నచ్చే కాఫీ

మా ఆయన పోయాక ఇంట్లో మొదట నిండుకున్నది కాఫీ పొడి. డబ్బా అడుగు కనిపించేసరికి సంచీ పట్టుకుని బస్టాండు వైపు బయలుదేరాను. దుఃఖంతో వెళ్లానని చెప్పలేను. చుట్టాలు వచ్చారు, వెళ్లారు, అందరికీ నేనే వడ్డించాను. ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ఆ చేతి బరువు తెలిసేది, అంతే. లోపల ఏదీ కదిలేది కాదు.

ఆయన ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. పెళ్లయిన కొత్తలోనే గోదావరి వైపు నుంచి జహీరాబాద్ వచ్చేశాం. ఇది చాయ్ తాగే ఊరు. కాఫీ గింజలు మరపట్టి ఇచ్చే కొట్టు నాకు తెలిసి ఒక్కటే, అదీ ఫ్యాక్టరీలో పనిచేసే మాలాంటి వాళ్ల కోసం నడుస్తోంది. పొడి తేవడం ఎప్పుడూ ఆయన పనే. ఆయన లోపలికి వెళ్తే నేను రోడ్డు మీద లారీలు చూస్తూ స్కూటర్ దగ్గర నిలబడేదాన్ని.

కొట్టతను నన్ను గుర్తుపట్టాడు.

"సారు కానొస్తలేడేందమ్మా గీ నడుమ?"

"ఆయన పోయారు" అన్నాను. అప్పటికి ఆ మాట చెప్పడం అలవాటైపోయింది.

అతను మర ఆపేశాడు. "అయ్యో, నాకు ఎర్కలేదమ్మా" అన్నాడు. తర్వాత, "ఏదియ్యమంటరు?" అని మెల్లగా అడిగాడు.

"ఎప్పుడూ ఇచ్చేదే."

నల్లగా మాడేదాకా వేయించిన గింజలు, వాటిలో కాఫీ చిక్కగా రావడానికి కలిపే చికోరీ వేరు పొడి దండిగా. అవి తూకంలో పోస్తూ అన్నాడు: "సారుకైతే గిది ఇష్టం లేకుండె. వచ్చినప్పుడల్లా గీ లేతగ వేయించినయి చేతిలకు తీస్కొని వాసన చూసెటోడు. గవే తీస్కపోన్రి సార్ అంటే, మా ఇంట్ల ఆమెకు నల్లదే గావాలె అనెటోడు."

నేను విన్నాను. ఎవరి ఇంటి సంగతో చెబుతున్నట్టు విన్నాను.

సంగతేమిటంటే, ఆ నల్ల గింజల కాఫీ నాకూ ఎప్పుడూ నచ్చలేదు. అది మా పుట్టింటి అలవాటు. తాగాక చేదు చాలాసేపు గొంతులోనే ఉండిపోయేది. కాపురానికి వచ్చిన కొత్తలో, చేతనైంది అదొక్కటే కాబట్టి అలాగే కలిపి ఇచ్చాను. ఆయన గ్లాసు ఖాళీ చేసి, "చిక్కగా ఉంది, బావుంది" అన్నారు. ఆయనకు అదే ఇష్టమని నేను అనుకున్నాను. నాకు అదే ఇష్టమని ఆయన అనుకున్నారు. ఇద్దరికీ నచ్చని కాఫీని పొద్దునా సాయంత్రం ఎదురెదురుగా కూర్చుని తాగాం. ఒక్కసారి కూడా అడగలేదు. "ఇది నాకూ నచ్చదు" అని కొట్టతనితో అన్నాను.

"మరి మీకేది మంచిగుంటదమ్మా?" అన్నాడతను.

నాకు తెలియలేదు. నిజంగానే తెలియలేదు. "అతిగా చేదు ఉండకూడదు" అన్నాను. అతను లేత గింజలు కొన్ని నా అరచేతిలో పోశాడు. పల్లీలు వేయిస్తున్నప్పుడు వచ్చే వాసన లాంటిది ఏదో వచ్చింది. చికోరీ లేకుండా అవే కొద్దిగా మరపట్టించాను.

మర్నాడు మా పక్కింటామె వచ్చింది. రాయికోడ్ దగ్గరి పల్లె ఆమెది. మా ఇంట్లో అలా జరిగినప్పటి నుంచి రోజూ పొద్దున వచ్చి కాసేపు కూర్చుంటోంది. ఇద్దరికీ కలిపాను. రంగు పల్చగా ఉంది, రుచి పుల్లగా తగిలింది. ఆమె మొహం ముడుచుకుంది.

"గిదేంది అక్కా, గింత పుల్లగున్నది? పాలు ఇరిగినయా ఏంది?"

"లేదమ్మా, ఈ గింజల రుచే అంత. మా ఆయనకు ఇదే ఇష్టమట."

"అట్లనా" అని ఆమె మొత్తం తాగేసింది. నేను తాగలేకపోయాను. ఆయన ఇష్టపడ్డారు కాబట్టి నాకూ నచ్చాలని రెండోసారి కూడా కలిపి చూశాను. నచ్చలేదు. మిగిలిన పొడి ఆమెకివ్వబోతే, "వద్దక్కా, నాకు చాయే మంచిది" అని నవ్వింది.

మళ్లీ కొట్టుకు వెళ్లి, "అంత లేతవీ వద్దు, అంత నల్లవీ వద్దు. చికోరీ చిటికెడు చాలు" అన్నాను. అతను రెండు రకాల గింజలు కలపబోయాడు. వద్దన్నాను. మధ్యస్థంగా వేయించినవి వేరే డబ్బాలో ఉంటే అవే మరపట్టించాను.

ఇంటికొచ్చి డికాక్షన్ దిగేదాకా వంటింట్లోనే నిలబడ్డాను. పాలు తక్కువ పోశాను. చేదుంది, కానీ గొంతు దాటాక ఉండలేదు. చివర్లో కొంచెం బెల్లపు పాకం లాంటి రుచి. ఇది ఆయనకు నచ్చేదో లేదో అని ఆలోచించాను. ఏమో. అడగడానికి లేరు.

గ్లాసు కడిగి బోర్లించి, ఆరేసిన బట్టలు తీయడానికి మేడ మీదికి వెళ్లాను. మర్నాడు మెలకువ రాగానే ఆ కాఫీ తాగాలనిపించింది. చాలా రోజుల తర్వాత నాకు ఏదైనా కావాలనిపించడం అదే మొదటిసారి.